ప్రాసెసర్ మార్చారు సరే, వేడి పోయే దారి ఎవరు చూడాలి?

సంపాదకులు గారికి నమస్కారం.

ఎండలు మొదలవ్వగానే మీ పేపర్లో ఫ్రిజ్ గోడకి ఎంత దూరంలో పెట్టాలి, ఏసీ ఫిల్టర్ ఎప్పుడు కడగాలి, బండి టైర్లలో గాలి ఎంత ఉండాలి అని వరసగా వస్తాయి, నేను అన్నీ చదువుతా, కొన్నయితే కత్తిరించి బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకున్నా కూడా. కానీ మా లాంటోళ్ళకి అన్నం పెడుతున్న డెస్క్‌టాప్ కంప్యూటర్ ఎండాకాలంలో ఏమైపోతదో ఎవరూ రాయట్లేదు. ఈ ఏడు నాకు జరిగింది చూశాక, మా బజార్లోనే ఇంకో ఇద్దరు ముగ్గురికి ఇదే జరిగిందని తెలిశాక రాయకుండా ఉండలేకపోయా. ఉత్తరం పెద్దదైంది, చోటు లేకపోతే కనీసం కంప్యూటర్ లోపలి కూలర్ గురించీ, చివర్లో షాపుల వాళ్ళని అడిగిందీ అయినా వెయ్యండి.

నాది ఖమ్మంలో పెళ్లి ఆల్బమ్ డిజైనింగు, వీడియో ఎడిటింగు. ఫొటోగ్రాఫర్లు మెమరీ కార్డులు తెచ్చి ఇస్తారు, నేను కట్ చేసి పాటలు పెట్టి రెండర్ కొట్టి, అంటే అన్నీ కలిపి ఒకే వీడియో ఫైలుగా చేసి, పెన్ డ్రైవ్‌లో ఇస్తా. గది చిన్నది, పైన సిమెంటు రేకులు, మే నెలలో బయట 44 ఉన్న రోజు లోపల మధ్యాహ్నానికి 38, 40 అయిపోతది, ఏసీ లేదు.

ముందుగా ఒక మాట చెప్పాలి, లేకపోతే చదివేవాళ్ళకి తికమక అవుతది. మన దగ్గర ఆ డబ్బా మొత్తాన్నీ సీపీయూ అంటాం, షాపుకి ఫోన్ చేస్తే "సీపీయూ ఎత్తుకుని రా అన్నా" అంటారు. నేను రాసేది ఆ డబ్బా గురించి కాదు, దాని లోపల మదర్ బోర్డు మీద కూర్చునే, అగ్గిపెట్టె అంత ఉండే ప్రాసెసర్ గురించి. దాని మీద ఒక అల్యూమినియం రెక్కల దిమ్మ, ఆ దిమ్మ మీద ఒక ఫ్యాను ఉంటాయి, ఆ రెండూ కలిపి కూలర్ అంటారు. కథంతా ఈ కూలర్ దగ్గరే ఉంది.

నా పాత ప్రాసెసర్ ఏఎండీ వాళ్ళ రైజెన్ 3 3200జి, నాలుగు కోర్లది, అంటే లోపల పని చేసే భాగాలు నాలుగు, 65 వాట్లది, బి450 అనే మదర్ బోర్డు మీద ఉండేది. ఫుల్ హెచ్‌డీ రోజుల్లో బాగానే లాగింది కానీ ఫొటోగ్రాఫర్లు ఫోర్ కేలో తీసి ఇవ్వడం మొదలెట్టాక ఒక గంట పెళ్లి వీడియో రెండర్‌కి రెండు గంటల పైనే పట్టేది, రాత్రి పెట్టి పడుకుని పొద్దున చూసుకోవడమే. ఫిబ్రవరిలో ముహూర్తాలు దగ్గర పడుతుంటే షాపతను "అన్నా, బోర్డు మార్చక్కర్లేదు, బయాస్ అప్‌డేట్ చేస్తే దీని మీదే రైజెన్ 7 5800ఎక్స్ కూర్చుంటది" అన్నాడు. బయాస్ అంటే బోర్డులోనే ఉండి, కంప్యూటర్ ఆన్ అవ్వగానే ముందు నడిచే ప్రోగ్రాం. ఆ మాట నిజమే, అందులో తప్పు పట్టను, ఏఎం4 అనే సాకెట్టు, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు, గొప్పతనమే అది, 2017లో మొదటి రైజెన్లు వచ్చిన సాకెట్లోనే 2020 చివర్లో వచ్చిన 5800ఎక్స్ కూడా దిగుతది. 8 కోర్లు, 16 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు), స్పీడ్ 4.7 గిగాహెర్ట్జ్ దాకా. దానికి లోపల గ్రాఫిక్స్ ఉండవు కాబట్టి ఒక చిన్న గ్రాఫిక్స్ కార్డు కూడా కొన్నా. మొత్తం మీద పాతిక వేలు పైనే అయింది, మా ఆవిడ చీటీ డబ్బులు.

షాపులో ఎవరూ చెప్పనిది ఒకటుంది. 5800ఎక్స్ పెట్టెలో కూలర్ రాదు. పాత 3200జితో చిన్న కూలర్ ఒకటి ఇస్తారు, రెయిత్ స్టెల్త్ అంటారు, అది 65 వాట్ల ప్రాసెసర్ల కోసం చేసింది. కొత్త దాని పెట్టె మీద 105 వాట్లు అని ఉంటది, అదీ పూర్తి లెక్క కాదు, బయాస్‌లో మనం ఏమీ ముట్టుకోకపోయినా పని పడినప్పుడు అది 142 వాట్ల దాకా లాగుతది. మా షాపులో ఏం చేశారంటే పాత చిన్న కూలర్నే తీసి కొత్త ప్రాసెసర్ మీద బిగించి పంపారు. ఏనుగుని కొని అంకుశం దగ్గర వెనకాడినట్టు. నాకైనా అడగాలని తెలీదు, వాళ్ళకైనా చెప్పాలనిపించలేదు, "కొత్త కూలర్ కావాలి అన్నా, ఇంకో రెండు వేలు అవుతది" అని ఆ రోజు అని ఉంటే ఇచ్చేవాణ్ణి, ఖచ్చితంగా ఇచ్చేవాణ్ణి.

ఫిబ్రవరి, మార్చి గడిచిపోయాయి. ఫ్యాన్ మోత ఎక్కువైంది అనుకున్నా గానీ కొత్తది కదా అలాగే ఉంటదేమో అని ఊరుకున్నా. ఏప్రిల్ రెండో వారం నుంచి మోత తట్టుకోలేనట్టు అయింది, కస్టమర్ ఫోన్లో మాట్లాడితే వినపడేది కాదు, పైగా పది నిమిషాలు అయ్యాక ఎడిటింగ్‌లో వీడియో ఆగి ఆగి నడిచేది, గంట వీడియో రెండర్ గంటా పన్నెండు నిమిషాలు పట్టింది. ఎనిమిది కోర్లకి డబ్బు కట్టి ఇదేంటని షాపుకి పోతే మొదటిసారి "ఎండలకి అందరివీ అంతే అన్నా, ఏసీ పెట్టించుకో" అన్నారు. రెండోసారి "బోర్డు పాతది కదా తట్టుకోవట్లేదు, మార్చాలి, 9 వేలు" అన్నారు. మూడోసారి ప్రాసెసర్ పీసే డిఫెక్ట్ అయ్యుంటది, కంపెనీకి పంపితే నెల పడుతది అన్నారు. పెళ్లిళ్ళ సీజన్లో నెల రోజులు మిషను లేకుండా నేనెట్లా బతకాలి. ఆ షాపు పేరు రాయను, వాళ్ళతో పదేళ్ళ పరిచయం, వాళ్ళొక్కరే ఇట్లా చేస్తున్నారని కూడా అనుకోవట్లేదు. ఒక్కటి మాత్రం అడుగుతున్నా, మూడుసార్లలో ఒక్కసారైనా టెంపరేచర్ ఎంత ఉందో ఎందుకు చూడలేదు? జ్వరం అని పోతే డాక్టరు ముందు థర్మామీటర్ పెడతాడు కదా.

ఆ మాట నాకు చెప్పింది మా అక్క కొడుకు, హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. "మామయ్యా, ముందు నంబర్ చూశావా?" అన్నాడు. ఏ నంబర్ రా అంటే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, కోర్ టెంప్ అని ఇంకోటి ఉంది, ఏదో ఒకటి వేసి చూడు అన్నాడు. వేశా. ఏ పనీ లేకుండా ఊరికే డెస్క్‌టాప్ కనపడుతున్నప్పుడే 58 డిగ్రీలు ఉంది, గదిలో అప్పుడు 33. సినీబెంచ్ అని ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టే ప్రోగ్రాం ఉంది, అది నొక్కి ఒకటి రెండు మూడు అని లెక్కపెడుతుంటే ఐదు అనేలోపు 90కి పోయి అక్కడ గీత గీసినట్టు నిలబడింది. స్పీడేమో 4.5 చుట్టూ ఉండాల్సింది 3.3 దగ్గర, కరెంటు 142 వాట్లు తినగలిగేది 70 వాట్ల దగ్గరే ఆగిపోయింది.

ఇది చాలామందికి తెలీదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా. 5800ఎక్స్‌కి కంపెనీ పెట్టిన గరిష్ఠ వేడి 90 డిగ్రీలు. అక్కడికి చేరగానే ప్రాసెసర్ తన స్పీడ్ తనే తగ్గించుకుని 90 దాటకుండా చూసుకుంటది. కాబట్టి కాలిపోదు, పొగ రాదు, ఆగిపోదు కూడా. అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ మనం డబ్బులు పెట్టి కొన్న స్పీడ్ మాత్రం మన చేతికి రాదు, బిల్లు మీద ఒక ప్రాసెసర్ ఉంటది, పని చేసేది ఇంకో చిన్న ప్రాసెసర్. నా విషయంలో రెండు నెలలు అదే జరిగింది.

మా మేనల్లుడు ఇంకో మంచి కిటుకు చెప్పాడు, నాకు బాగా పనికొచ్చింది. పని మొదలెట్టిన కొన్ని సెకన్లలోనే వేడి చివరికంటా పోయి, పని ఆపగానే టపీమని పడిపోతే తప్పు కూలర్ దగ్గర ఉన్నట్టు, అంటే కూలర్ చిన్నదైనా అయ్యుండాలి, ప్రాసెసర్‌కి సరిగ్గా అతుక్కోకపోయినా ఉండాలి. అట్లా కాకుండా పదిహేను ఇరవై నిమిషాల మీద మెల్లమెల్లగా పెరుగుతూ పోతే డబ్బాలో గాలి ఆడట్లేదన్నట్టు. పక్క డోరు తీసేసి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి చూడమన్నాడు. పెట్టి చూస్తే 90 నుంచి కదల్లేదు, స్పీడ్ ఒక్క పిసరు పెరిగింది అంతే. అంటే నా రోగం గాలి కాదు, కూలర్ దగ్గరే ఉంది. ఏసీ పెట్టించుకుని ఉంటే ముప్పై ఐదు వేలు పోసి కూడా అదే 90 చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఆదివారం రాత్రి విప్పా. విప్పే ముందు పది నిమిషాలు రెండర్ పెట్టి వేడెక్కించా, తర్వాత షట్‌డౌన్ చేసి ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదిలి, డబ్బాని పక్కకి పడుకోబెట్టా. వేడెక్కించడం ఎందుకంటే ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పేస్ట్ ఎండిపోయి అతుక్కుపోతే కూలర్ పైకి లాగినప్పుడు ప్రాసెసర్ కూడా సాకెట్లోంచి ఊడి దాంతో పాటే వచ్చేస్తది, నాలుగు పిన్నులు వంగాయంటే అంతే సంగతులు. వేడి మీద పేస్ట్ మెత్తబడుతది, నిట్టనిలువునా లాగకుండా కుడికీ ఎడమకీ సీసా మూత తిప్పినట్టు మెల్లగా తిప్పి తియ్యాలి. పడుకోబెట్టడానికీ కారణం ఉంది, ఆ నాలుగు స్క్రూలే బోర్డు వెనకాల ఉండే ప్లేటుని కూడా పట్టుకుని ఉంటాయి, డబ్బా నిలబెట్టి స్క్రూలు విప్పితే ఆ ప్లేటు వెనక్కి జారి పడిపోతది, మళ్ళీ వెనక డోరు విప్పి దాన్ని పట్టుకునే మనిషి ఇంకొకడు కావాలి.

స్క్రూ డ్రైవర్ పెట్టగానే మొదటి తప్పు దొరికింది. మూడు స్క్రూలు గట్టిగా ఉన్నాయి, నాలుగోది ఒకటిన్నర చుట్టు తిరగ్గానే చేతిలోకి వచ్చేసింది, అంటే అది అసలు పూర్తిగా బిగించనే లేదు. కూలర్ తీసి తిరగేసి ట్యూబ్ లైటు కింద పెట్టి చూశా. పాత 3200జి మీద ఉన్నప్పటి పేస్ట్ అట్లానే ఉంది, గోడ మీద ఎండిన సున్నంలా బూడిద రంగులో పెచ్చు కట్టి, గోటితో గీకితే పొడి రాలింది. దాని మీదే కొత్త పేస్ట్ ఒక చుక్క పెట్టి బిగించేశారు. ప్రాసెసర్ వైపు చూస్తే, సరిగ్గా బిగించని స్క్రూ ఉన్న మూల నుంచి దాదాపు మూడో వంతు మెరుస్తూ ఉంది, రైజెన్ అని రాసిన అక్షరాల మీద పేస్ట్ తగిలిన గుర్తు కూడా లేదు. నేను దాన్ని అట్లా చేతిలో పట్టుకుని చాలాసేపు చూశా. రెండు నెలల నా నిద్ర, ఫొటోగ్రాఫర్ల దగ్గర పడ్డ మాటలు అన్నీ ఆ మూలనే ఉన్నాయి.

పేస్ట్ గురించి కూడా మనోళ్ళలో చాలా అపోహ ఉంది, ఎక్కువ పెడితే ఎక్కువ చల్లగా ఉంటదని. అట్లా కాదు. ప్రాసెసర్ మూతా, కూలర్ అడుగూ కంటికి నున్నగా కనపడతాయి గానీ రెండింటికీ సన్నని గీతలూ గుంటలూ ఉంటాయి, ఆ గుంటల్లో గాలి నిలబడుతది, గాలి వేడిని దాదాపు పోనివ్వదు. వేడి దేంట్లోంచి ఎంత సులువుగా పోతదో చెప్పడానికి ఇంజినీర్లు ఒక కొలత పెట్టారు, ఆ కొలతలో రాగి 400 దగ్గర ఉంటే మంచి పేస్ట్ 5 నుంచి 10 మధ్య ఉంటది, గాలి 0.026. అంటే పేస్ట్ పని గాలిని బయటికి తోసి ఆ గుంటలు పూడ్చడమే, అంతకన్నా మందంగా ఉంటే అదే అడ్డం. మధ్యలో బఠాణీ గింజంత పెట్టి కూలర్ నిలువుగా దించి, స్క్రూలు ఒకదాని తర్వాత పక్కది కాకుండా ఎదురెదురుగా, కారు టైరు బోల్టులు బిగించినట్టు, తలా రెండు చుట్లు తిప్పుకుంటూ పోవాలి. పేస్ట్ తనే పరుచుకుంటది. పాతది తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి, మెడికల్ షాపులో ఇంజెక్షన్ ముందు తుడిచే స్పిరిట్ స్వాబ్స్ అమ్ముతారు, చాలావాటిలో ఉండేది అదే, నాకు ఆరు స్వాబులు పట్టాయి. నెయిల్ పాలిష్ రిమూవర్లు, సెంటు సీసాలు వాడకండి.

ముందు పాత కూలర్నే శుభ్రంగా తుడిచి, కొత్త పేస్ట్ పెట్టి, నాలుగు స్క్రూలూ బిగించి చూశా, తేడా ఎంతో తెలుసుకోవాలని. ఊరికే ఉన్నప్పుడు 58 ఉన్నది 47కి వచ్చింది. పని పెడితే మళ్ళీ 90కే పోయింది గానీ ఈసారి 95 వాట్లు లాగుతూ 3.9 స్పీడ్‌తో పోయింది. అంటే తప్పుల్లో ఒకటి తీరింది, రెండోది మిగిలింది, ఆ చిన్న కూలర్‌కి అంతకన్నా శక్తి లేదు.

మా మేనల్లుడు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పోయి డీప్‌కూల్ ఏకే400 అనే కూలర్ తెచ్చి బస్సులో పంపాడు, రెండు వేల చిల్లర పడింది. నిలువుగా గోపురంలా ఉంటది, నాలుగు రాగి గొట్టాలు, 120 మిల్లీమీటర్ల ఫ్యాను. ఎత్తు 155 మిల్లీమీటర్లు, అది కొనే ముందు డబ్బా వెడల్పు కొలుచుకోవాలి, సన్నటి క్యాబినెట్లలో డోరు మూతపడదు. ఫ్యాను గాలి డబ్బా వెనక వైపుకి పోయేట్టు బిగించాలి. ఇంకా ముఖ్యమైనది, కొత్త కూలర్ అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి ఉండొచ్చు, తీసి బిగించమని దాని మీదే రాసి ఉంటది. నవ్వులాటగా తీసుకోకండి, మా పక్క వీధి డీటీపీ సెంటర్లో ఏడాది పాటు ఆ పొర మీదే నడిచింది, ఆ అమ్మాయి పాపం "స్లో కంప్యూటర్" అని విండోస్ నాలుగుసార్లు వేయించింది.

కొత్త కూలర్ పెట్టాక గదిలో 36 ఉన్న మధ్యాహ్నం రెండర్ పెడితే 86 దగ్గర నిలబడింది, స్పీడ్ 4.5, మోత సగానికి సగం తగ్గింది. ఇంకా 86 ఏంటి అని నాకు అనిపించింది. 5800ఎక్స్ స్వభావమే అంత, ఎనిమిది కోర్లూ దాదాపు 81 చదరపు మిల్లీమీటర్ల ఒకే ముక్కలో ఉంటాయి, అంటే మన చిటికెన వేలి గోరంత చోటులోంచి వంద వాట్ల పైన వేడి బయటికి రావాలి, ఎంత పెద్ద కూలర్ పెట్టినా ఆ ఇరుకు దారి ఇరుకు దారే. అందుకని బయాస్‌లోకి పోయి ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ అన్న చోట మాన్యువల్ పెట్టి పీపీటీ అనే లైన్లో 100 అని కొట్టా, అంటే వంద వాట్లు దాటొద్దని. వేడి 86 నుంచి 75కి దిగింది. రెండర్ 46 నిమిషాలు పట్టేది 49 అయింది. మూడు నిమిషాలు ఇచ్చి 11 డిగ్రీలు తీసుకున్నా, మా రేకుల గదికి ఇంతకన్నా మంచి బేరం లేదు. ఈ సెట్టింగుకి రూపాయి ఖర్చు లేదు, చాలా బోర్డుల్లో ఎకో మోడ్ అని ఒక్క నొక్కుతో కూడా ఉంటది, ఏ షాపులోనూ ఎవరూ దీని మాట ఎత్తరు.

ఇక గాలి సంగతి. ఇప్పుడు అమ్మే డబ్బాలకి ముందువైపు మొత్తం అద్దం, దాని వెనక రంగు లైట్ల ఫ్యాన్లు, చూడ్డానికి పందిట్లో సీరియల్ సెట్లలా ఉంటాయి, కానీ గాలి పీల్చుకోవడానికి పక్కన వేలెడు సందు కూడా ఉండదు. నాదీ అదే. ముందు అద్దం తీసేసి పెడితే ఇంకో 5 డిగ్రీలు తగ్గింది, ఇప్పుడు అద్దం అటక మీద ఉంది. ఫ్యాన్లు సరైన వైపుకి తిరిగి ఉన్నాయా అని చూడ్డానికి అగరబత్తీ వెలిగించి ముందు పెట్టి చూడండి, పొగ లోపలికి పోవాలి, వెనక పెడితే బయటికి తోసెయ్యాలి, నా దాంట్లో వెనక ఫ్యాను తిరగేసి బిగించి ఉంది, లోపలికి లాగుతోంది. దుమ్ము దులిపేటప్పుడు బ్లోయర్ కొడితే ఫ్యాను రెక్క వేలితో పట్టుకుని కొట్టండి, గిర్రున తిరగనివ్వకండి. ఎయిర్ కూలర్ చల్లగాలి నేరుగా డబ్బాకి తగిలేట్టు పెట్టకండి, అది తడిగాలి.

గది వేడి మాత్రం మనం తప్పించుకోలేం. ఏ కూలర్ అయినా గదిలో ఉన్న వేడి మీద ఇంత అని కలుపుకునే పని చేస్తది, గది ఒక డిగ్రీ పెరిగితే ప్రాసెసర్ కూడా ఇంచుమించు ఒక డిగ్రీ పెరుగుతది. సంక్రాంతికి 24 డిగ్రీల గదిలో 70 చూపించింది మేలో 40 డిగ్రీల గదిలో 86 చూపిస్తది, అది చెడిపోవడం కాదు. విదేశాల వాళ్ళు యూట్యూబ్‌లో 21 డిగ్రీల గదిలో కూర్చుని ఈ కూలర్ చాలు అంటారు, మనం ఖమ్మంలోనో, రామగుండంలోనో, రెంటచింతలలోనో కూర్చుని ఆ మాట నమ్మితే కష్టం. మన లెక్క మనం వేసుకోవాలి.

అట్లాగని పెద్ద నంబర్ కనపడగానే అందరూ కంగారు పడక్కర్లేదు. రైజెన్ 7000 సిరీస్ 2022లో వచ్చినప్పుడే ఏఎండీ వాళ్ళు పెద్ద మోడళ్ళు పూర్తి పనిలో 95 దగ్గర నడిచేట్టే చేశాం అని చెప్పారు, అక్కడ 95 చూసి షాపుకి పరిగెత్తక్కర్లేదు, అక్కడ కూడా ఎకో మోడ్ పెట్టుకుంటే బాగా తగ్గుతది. ఇంటెల్ వాళ్ళకి వేరే జాగ్రత్త ఉంది. 12వ జనరేషన్ నుంచి సాకెట్ మారింది, కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు ఉండేది 78 అయింది, పాత కూలర్ని బలవంతంగా నొక్కి బిగిస్తే బిగిసినట్టే ఉంటది గానీ సమానంగా తగలదు, కొత్త క్లాంపులు కావాలి. ఇంటెల్ 12400 ప్రాసెసర్ మీద 65 వాట్లు అని ఉన్నా గరిష్ఠం 117, 12700 అయితే అదే 65 రాసి గరిష్ఠం 180, పెట్టె మీద అంకె చూసి కూలర్ కొంటే మోసపోతాం. ఇక 13, 14 జనరేషన్ల పెద్ద ప్రాసెసర్లు ఉన్నవాళ్ళు వేడి సంగతి తర్వాత, ముందు బయాస్ అప్‌డేట్ చేయించుకోండి. వోల్టేజ్ ఎక్కువ పోయి కొన్ని పాడవుతున్నాయని ఇంటెల్లే ఒప్పుకుని 2024 ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ (బయాస్ అప్‌డేట్‌తో వచ్చే ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాం సవరణ), సెప్టెంబర్లో 0ఎక్స్12బి ఇచ్చింది, పెట్టెతో కొన్నవాటికి వారంటీ కూడా రెండేళ్ళు పొడిగించింది. మా ఊళ్ళో ఒక స్టూడియో వాళ్ళకి నేను చెప్పేదాకా ఈ సంగతి తెలీదు, లక్ష దాటిన మిషను అది.

ఇప్పుడు షాపుల వాళ్ళని నేను అడిగేది. బోరు మోటారు దించిన మనిషి స్విచ్ వేసి నీళ్ళు పోసి చూపించాకే డబ్బులు తీసుకుంటాడు. టీవీ బిగించినతను చానళ్ళన్నీ తిప్పి చూపిస్తాడు. ప్రాసెసర్ మార్చిన వాళ్ళు మాత్రం విండోస్ తెర కనపడగానే "అయిపోయింది అన్నా" అని డోరు మూసేస్తారు. పది నిమిషాలు సినీబెంచ్ లాంటిది పెట్టి, గదిలో ఎంత ఉంది, ప్రాసెసర్ ఎంత చూపించింది, స్పీడ్ ఎంత ఉంది అని బిల్లు వెనక పెన్నుతో రాసి ఇవ్వండి, అంతే. పెట్టెలో కూలర్ రాని మోడల్ అయితే అమ్మేటప్పుడే నోరు తెరిచి చెప్పండి. పాత పేస్ట్ తుడవకుండా కొత్తది పెట్టకండి. వీటికి పట్టే ఖర్చు ఒక టీ ఖరీదు ఉండదు, కానీ అవతల మనిషి సీజన్ మొత్తం దాని మీద ఆధారపడి ఉంటది. కొనేవాళ్ళు కూడా ఆ పది నిమిషాలు షాపులో నిలబడి అడగండి, మొహమాటపడకండి, డబ్బులు మీవి.

షాపులో నా కంప్యూటర్‌కి ఆ పాత కూలర్ బిగించిన కుర్రాడు, పందొమ్మిదేళ్ళు ఉంటాయేమో, మొన్న వేరే పని మీద మా గదికి వచ్చాడు. మోత లేదేంటన్నా అన్నాడు. కూర్చోబెట్టి తీసిన ఫొటోలు చూపించా, పేస్ట్ తగలని ఆ మూల, బిగించని స్క్రూ, అన్నీ. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నాకు ఎవరూ ఇట్లా చెప్పలేదన్నా, షాపులో అన్న ఎట్లా చేస్తే అట్లా చేసుడే" అన్నాడు. నాకు కోపం రాలేదు. వాడికి నేర్పిన వాళ్ళు లేరు, రోజుకి పది డబ్బాలు విప్పాలి, ఒక్కో దానికి ఇరవై నిమిషాలు కూడా ఇవ్వరు. నా దగ్గర మిగిలిన పేస్ట్ ట్యూబూ, హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో ఉన్న పెన్ డ్రైవూ వాడికి ఇచ్చా. ఈ వారం రెండుసార్లు ఫోన్ చేశాడు, రెండుసార్లూ నంబర్ చెప్పి ఇది ఎక్కువా తక్కువా అని అడిగాడు.

ఆ పిల్లాడి లాంటి వాళ్ళు జిల్లాకి వందల్లో ఉంటారు, వాళ్ళు ఇంగ్లీషు వెబ్‌సైట్లు చదవరు, పేపర్ మాత్రం టీ కొట్టు దగ్గర అయినా చదువుతారు. మీ పేజీలో దీని మీద తెలిసినవాళ్ళతో తెలుగులో రాయించండి, బొమ్మలు వేసి, పేస్ట్ ఎంత పెట్టాలి, స్క్రూలు ఏ వరసలో బిగించాలి అన్నదాకా. వేస్తే మాత్రం వచ్చే ఏడు సంక్రాంతి లోపే వెయ్యండి, మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాక మా వాళ్ళెవరికీ డబ్బా విప్పే తీరిక ఉండదు.

ఇట్లు
ఒక పెళ్లి ఆల్బమ్ డిజైనర్,
ఖమ్మం